పరాసుల యానాము

మా కాపురము ఖమ్మమునుండి భద్రాచలము పోవు దారిలో, అడవి చిక్కనగు చోట నున్నది. మావారు బడిపంతులుగారు. ఇంటిముందు ఇప్పచెట్టు, ఇంటివెనుక టేకుచెట్లు. వేసవిలో తునికాకు కోయువారి సందడి, వానకాలమున గోదావరి యెన్ని యడుగులు పెరిగినదను వార్త. ఇట్టి మూల కూర్చుండి పరాసుల పట్టణమును గూర్చి వ్రాయబూనుట మీకు వింతగా తోచవచ్చును. పరాసుదేశమును నేను చూడలేదు. చూచు యోగము గలదని నా జాతకము వ్రాసినవారును చెప్పలేదు. కాని మా భద్రాద్రి రాముని పాదములచెంత పారు గోదావరియే కడపట నొక పరాసు పట్టణపు గట్టు నొరసికొని సముద్రమున గలియుచున్నది. ఆ పట్టణము యానాము. మొన్నటి సంక్రాంతి సెలవులలో మేము పోయి చూచి వచ్చితిమి.

యానాము పేరు నేను భూగోళపాఠమున చదువకముందే మా తాతమ్మ నోట వింటిని. ఆమె మా నాయనగారికి నాయనమ్మ. తాళ్ళరేవు దగ్గరి పల్లె ఆమె పుట్టినిల్లు, భద్రాచలము మెట్టినిల్లు. 1932వ సంవత్సరమున, తొమ్మిదవ యేట, ఆమెకు యానాములో వివాహమైనది. పుట్టినయూర గాక, అత్తవారి యూర గాక, ఆ మూడవ యూర నేల జరిగినదని చిన్ననాడు నేనడిగితిని. "అది కల్యాణపురం తల్లీ! ఆ రోజుల్లో పెళ్ళిళ్ళన్నీ అక్కడే" అని మాత్రము చెప్పి, "ఏదీ, ఆ గజేంద్రుడి పద్యాలు చదువు" అని మాట మరల్చెడిది. నాకు భారతభాగవతములు చెప్పినది మా తాతగారు. చదువురాని తాతమ్మ గోడకు చేరగిలబడి వినెడిది. నేను తప్పు చదివినచో, అక్షరమెఱుగని యామెయే ముందుగా తల యెత్తెడిది.

పూర్వము భద్రాచలమునుండి క్రిందికి బోవువారికి గోదావరియే రాజమార్గము. పాపికొండల నడుమ పడవలును, పిమ్మట లాంచీలును యాత్రికులను చేర్చుచుండెడివి. తాతమ్మ క్రొత్తకోడలై కాపురమునకు వచ్చినది ఆ నీటిదారిననే. కొండలసందున పడవ చొచ్చినపుడు ఆకాశము సన్నగిలిపోగా తాను భయపడి యేడ్చితిననియు, సరంగు ఒక బెల్లపుముక్క యిచ్చి యూరడించెననియు చెప్పెడిది. మేము బస్సులో బోయితిమి. చింతూరు, మారేడుమిల్లి కనుమ, రంపచోడవరము దాటి రాజమండ్రి చేరునప్పటికి పిల్లలిద్దరును వాంతులతో సొలసిపోయిరి. పడవయే మేలని నాకు తోచినది.

ఈ దారిలో మొట్టమొదట చెప్పవలసిన వింత మా యింటిచెంతనే యున్నది. భద్రాచలము దాటి కొంచెము దూరము పోవగనే ఎటపాక వచ్చును. భద్రాచలము తెలంగాణము, ఎటపాక ఆంధ్రప్రదేశము. మాకు ఎల్లలు మాఱుట క్రొత్త కాదు. 1860లో భద్రాచలసీమ నిజామునుండి ఇంగ్లీషువారికి పోయినది. అది మొదలు నదికి కుడిగట్టు నిజాము రాజ్యము, ఎడమగట్టు ఇంగ్లీషు రాజ్యము. తరువాత తూర్పుగోదావరి జిల్లాలోనుండి 1959లో ఖమ్మము జిల్లాకు మాఱినది. 2014లో రాష్ట్రము రెండైనపుడు పోలవరము ఆనకట్ట నిమిత్తమై చుట్టుపట్ల మండలములు ఆంధ్రమున గలియగా, పట్టణము మాత్రము తెలంగాణమున నిలిచినది. స్వామివారు ఒక రాష్ట్రమున, వారి మాన్యములలో పెద్దభాగము పురుషోత్తపట్టణమున, అనగా మఱియొక రాష్ట్రమున. మా అన్నగారి యిల్లు భద్రాచలములోను, పొలము కన్నాయిగూడెములోను కలవు. ఆయన ప్రొద్దున లేచి రాష్ట్రము దాటి నారుమడి చూచుకొని, మధ్యాహ్నము భోజనమునకు రాష్ట్రము దాటి యింటికి వచ్చును. ఇట్టి యూరివారికి యానాము చరిత్రము కథగా తోచదు, చుట్టరికముగా తోచును.

రాజమండ్రినుండి ద్రాక్షారామము మీదుగా పోవు బస్సెక్కితిమి. ద్రాక్షారామమున దిగి భీమేశ్వరుని సేవించుకొంటిమి. శ్రీనాథుని భీమఖండము తాతగారివద్ద చదివిన నాకు ఆ గుడి రాతిస్తంభములను విడిచి వచ్చుట కష్టమైనది. ఆ ముచ్చట వేఱొకసారి వ్రాసెదను. అచ్చటినుండి వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు. అడవిలో నుండువారి కన్నులకు ఆ పచ్చదనము మితిమీరినట్లు తోచును; ఎచ్చటను రాయి కనబడదు. మా చిన్నవాడు "అమ్మా, ఇక్కడ కొండలెవరు తీసేశారు?" అని యడిగెను.

యానాములో ప్రవేశించితిమని మాకు తెలిపినది భాష కాదు, వేషము కాదు. పోలీసువాని తలమీది యెఱ్ఱని టోపి. అది గుండ్రముగా, ముందునకు అంచు గలదై, పుదుచ్చేరి పోలీసుల గుర్తుగా నున్నది. తాతమ్మకు తన పెండ్లిలో మిగిలిన జ్ఞాపకములు మూడే. తాళి కట్టువేళ తాను నిద్రపోవుచుంటిననునది యొకటి. సముద్రము చూపింతుమని చెప్పి చూపలేదనునది రెండవది. "ఎర్ర కుండ బోర్లించుకున్న బంట్రోతు" మూడవది. ఆ బంట్రోతును చూడగనే నాకు గుండె కలుక్కుమన్నది.

ఇంతకును ఈ తెలుగునాట పరాసుల పట్టణ మెట్లు వెలసినది? గోదావరి ధవళేశ్వరము దిగువ చీలి, గౌతమి యను పాయగా తూర్పునకు వచ్చును. ఆ గౌతమినుండి కోరంగి పాయ విడివడు మూలలో యానాము కలదు. సముద్రము చేరువ, లోపలి సీమలనుండి పడవలు సులభముగా వచ్చుచోటు. చుట్టుపట్ల నీలపల్లి మొదలగు గ్రామములలో నేతగాండ్రు విస్తారముగా నుండిరి. 1723లో పరాసుల వర్తకసంఘమువారు ఇచ్చట కోఠీ పెట్టి, లాభము చాలక 1727లో విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. వారు కోరినది మన నేతబట్టలు. నీలిమందులో అద్దిన బట్టలకు దూరదేశములలో గిరాకి మెండుగా నుండెను. ఇంగ్లీషువారు ఊరకుందురా? ప్రక్కనే ఇంజరములో వారికిని కోఠీ యుండెను. రెండు తెల్లదొరతనములు ఒకే నేతగానికి బయానా యిచ్చుటకు పోటీపడిన కాలమది.

1753లో ఉత్తరసర్కారులు పరాసులకు దక్కినవి. బుస్సీ దొర పేరు వినని తెలుగు వారుండరు. 1757 జనవరిలో బొబ్బిలికోటను కాల్చిన సైన్యము అతనిదే. ఆ మఱుసటి యేడు డిసెంబరులో, యానామునకు ఎంతో దూరము లేని చందుర్తివద్ద ఇంగ్లీషువారిచేతిలో పరాసులు ఓడిరి. అంతటితో సర్కారులు పోయినవి, యానాము మాత్రము చేతిలో మిగిలినది. తరువాత యూరపుఖండములో ఎప్పుడు యుద్ధము వచ్చినను ఇచ్చట ఇంగ్లీషువారు వచ్చి ఊరు పట్టుకొనెడివారు. సంధి కుదిరినపుడు తిరిగి యిచ్చెడివారు. 1814 నాటి ప్యారిసు సంధి పిదప పరాసులకు కడసారి తిరిగి దక్కినది. నెపోలియను జయాపజయములకును యానాములో మిరపకాయలమ్ము ముసలమ్మకును సంబంధ మేమియని మన కనిపించును గాని, ఆమె అంగడిమీది జెండా మాత్రము ఆ యుద్ధములనుబట్టియే మాఱెడిది.

ఈ దొరలలో నాకు ప్రీతిపాత్రుడైనవా డొకడు కలడు. ఆతని పేరు సొన్నెరా. పక్షులను, మొక్కలను, చిత్రములను వ్రాసిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు. పదునెనిమిదవ శతాబ్ది చివర యానామునకు అధికారిగా నుండెను. దక్షిణదేశపు అడవులలోని బూడిదవన్నె అడవికోడికి శాస్త్రజ్ఞులు ఆతని పేరే పెట్టిరి. తెల్లవాఱుజామున అడవికోడి కూసినపుడు ఇకమీద నేను యానామును తలంతును.

పట్టణముపై తుపానులు కూడ పగబట్టినవి. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలకు కోరంగి రేవు కుదేలయినది. ఓడలు కట్టుటకు పేరొందిన ఆ కోరంగినుండియే మనవారు బర్మాకు పోగా, అచ్చటివారు తెలుగువారినందఱను కోరంగీలనిరి. యానాము రేవునుండి మఱియొక దుఃఖయాత్ర సాగినది. 1828లో ఇచ్చటినుండి తెలుగు కూలీలు కొందఱు రీయూనియను దీవికి ఓడలో తరలింపబడిరి. చెఱకుతోటలలో పని. ఆ దీవికి ఒప్పందముపై పోయిన భారతీయులలో మొదటివారు వీరే. ఆ ఓడ నెక్కినవారి భార్యలు ఏ గట్టుమీద నిలిచి చూచిరో, చూచుటకైనను వారిని రానిచ్చిరో లేదో!

ఊరిలో పరాసుల గుర్తులు విస్తారముగా నున్నవనుకొని పోయినచో నిరాశ కలుగును. 1846లో పూర్తియైన పునీత అన్నమ్మగారి దేవాలయము, పరిపాలకుల కార్యాలయము, తిన్నగా గీత గీచినట్లున్న కొన్ని వీధులు, ఫ్రాన్సుతిప్ప యను పేరు. 1880లో ఏర్పడిన పురపాలకసంఘమును వారి వరుసలోనిదే. మిగిలినదంతయు తెలుగు, అరుగుల యిండ్లు, ముగ్గులు, గొబ్బెమ్మలు. అడివిపొలమను పేర ఒక పేట కూడ కలదు. మా పిల్ల ఆ పేరు బోర్డుమీద చూచి చెట్లకై వెదకినది. ఒక వేపచెట్టు దొరకినది. ఈ కాలమువారు గౌతమియొడ్డున ఉద్యానములును, శివలింగమునకు నీరు పోయు ఏనుగుల బొమ్మలును, భరతమాత విగ్రహమును, ఈఫిల్ స్తంభమును తలపించు ఎత్తయిన గోపురమును కట్టినారు. పిల్లలకు అవియే నచ్చినవి. నాకు పాతవీధులు చాలును.

వేంకటేశ్వరస్వామి గుడిని గూర్చి మాత్రము వ్రాయక తీఱదు. ఇచ్చటి స్వామికి మీసములు కలవు. మీసాల వేంకన్న యందురు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బాల్యమున యానాములోనే చదువుకొనిరి. పదునెనిమిదేండ్ల ప్రాయమున వారీ స్వామిమీద నొక శతకము చెప్పగా, ఊరి పండితుడొకరు వ్యాకరణదోషము పట్టిరట. ఆ యవమానము సహింపక వ్యాకరణము నేర్చుటకు కాశికి పోవలెనని ఆయన పట్టుబట్టెను. ఒక తప్పు ఎంత మేలు చేసినది! తిరుపతి వేంకటకవులలో నొకరిని తెలుగుదేశమున కిచ్చినది ఆ మీసాల వేంకన్న సన్నిధియే గదా యని, మావారితో నేను గుడిమెట్లమీద కూర్చుండి మురిసితిని. "నీవు నా ఉత్తరాలలో తప్పులు పడితే నేను మాత్రం కాశీకి పోలేదు" అని వారు నవ్విరి.

ఇక కల్యాణపురమను పేరు. హరవిలాస శారదాగారి చట్టము 1929లో పుట్టి, 1930 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. ఆడుపిల్లకు పదునాలుగు, మగపిల్లవానికి పదునెనిమిది నిండక పెండ్లి చేసినచో శిక్ష. అది ఇంగ్లీషు ఇండియాకు వర్తించును గాని పరాసుల గడ్డకు వర్తింపదు. కాకినాడనుండి ముప్పది కిలోమీటరులైనను లేదు. బండికట్టినచో ఒక పూట ప్రయాణము. గోదావరి జిల్లాలనుండియు, అంతకు దూరమునుండియు పెద్దలు పసిపిల్లలను వెంటగొని యానాము చేరిరి. ఎల్లకు ఇవతల నేరమైనది అవతల శుభకార్యము. ఇండ్లు అద్దెకు దొరకెడివి. పందిళ్ళవారు, భజంత్రీలు, వంటవారు, పురోహితులు కాచికొనియుండెడివారు. నదికి కుడిగట్టున నిజాము రాజ్యములోను ఆ చట్టము లేదు. మా తాతమ్మ అత్తవారు ఏఱు దాటినను సరిపోయెడిది. కాని పిల్ల యింటికి చేరువయని యానామే యెన్నుకొనిరట.

వేంకన్నగుడి వెనుక కొబ్బరితోటలో తన పందిరి వేసిరని తాతమ్మ చెప్పెడిది. ఆ చోటు చూడవలెనని నేను పోయితిని. ఇప్పుడచ్చట తోట లేదు. మిద్దెలు, ఒక బట్టల అంగడి, సైకిళ్ళు బాగుచేయు కొట్టు. అరుగుమీద కూర్చున్న యొక వృద్ధుని అడుగగా ఆయన నవ్వెను. "ఏ పందిరని చెప్పనమ్మా? మా నాన్నగారు పందిళ్ళేసేవారు. ముహూర్తం ఉన్నరోజు ఈ వీధిలో నడవడానికి దారుండేది కాదుట. తాటాకు మొగ్గ ఎండేది కాదు, మళ్ళీ ఇంకో పందిరి" అని చెప్పెను. తరువాత కొంతసేపు ఊరకుండి, "పెళ్ళికూతుళ్ళు ఆడుకోవడానికి పోయి తప్పిపోయేవారుట, వెతికి తెచ్చి పీటలమీద కూర్చోబెట్టేవారు" అనెను. ఆయన నవ్వుచునే చెప్పెను. నాకు నవ్వు రాలేదు.

ఏలనగా ఆ కొబ్బరితోటలో ఒక్క పందిరిక్రింద రెండు పెండ్లిండ్లు జరిగినవి. ఖర్చు కలిసివచ్చునని తాతమ్మకును, పదునొకండేండ్ల ఆమె అక్కకును ఒకే ముహూర్తమున ముడివేసిరి. అక్క వరుడు కోనసీమవాడు. రెండేండ్లు తిరుగకముందే అతడు జ్వరముతో పోయెను. ఆమె అత్తవారిల్లు చూడనేలేదు. భర్త ముఖమును పందిరిలో ఒక్కసారి చూచినదట. తల తీయించి, ముసుగు వేసి, మూల కూర్చుండబెట్టిరి. తలిదండ్రులు గతించిన పిదప ఆమె భద్రాచలము వచ్చి చెల్లెలి యింట చేరి, 1978లో పోవువఱకు ఆ యింట వంట చేసినది. మా నాయనగారు ఆమె చేతివంట తినియే పెరిగిరి. "పెద్దమ్మ పులిహోర" అని యిప్పటికిని తలచుకొందురు. ఆమెను గూర్చి ఎవరును ఏడ్చినట్లు నేను వినలేదు. పులిహోర రుచిని గూర్చియే వింటిని.

తాతమ్మ 2009లో, ఎనుబదియాఱేండ్లు నిండి, కాలము చేసినది. అంతకు కొన్ని మాసముల ముందు ఒక రాత్రి నాకీ సంగతి చెప్పినది. తన కాపురము చల్లగా సాగినదనియు, తాతయ్య తన్ను ఒక్క మాట అనలేదనియు చెప్పి, "ఒకే మంత్రం, ఒకే పురోహితుడు, ఒకే పందిరి. నాకు ఇల్లొచ్చింది, అక్కకు మూల వచ్చింది" అనెను. నేనేమియు పలుకలేకపోయితిని. ఆమె పద్యము చదువుమనలేదు.

ఇదే గోదావరియొడ్డున, ఎగువన రాజమండ్రిలో, వీరేశలింగముపంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదిని మొదటి వితంతువివాహము జరిపించిరి. అనగా మా పెద్దతాతమ్మ తల తీయించుటకు ఏబదియేండ్లు ముందు. ఒకే నది. రాజమండ్రిలో వెలిగించిన దీపపు వెలుతురు ఆ కొద్దిదూరము దిగువకు పారుటకు ఏబదియేండ్లును చాలలేదు. పరాసులనే నిందింతమా? మీ యాచారములలో జోక్యము చేసికొనమని వారు మాట యిచ్చిరి; ఆ మాటను మనవారే కోరి, మనవారే వాడుకొనిరి. బండ్లు కట్టుకొని వచ్చినవారు తెలుగువారు. నేను వారి వంశమున పుట్టినదాననే.

ఈ సంగతి నేనిప్పుడు త్రవ్వుటకు కారణము వేఱొకటి కలదు. రెండేండ్ల క్రిందట మావారు పాఠము చెప్పు తొమ్మిదవ తరగతి పిల్ల యొకతె వేసవి సెలవుల తరువాత బడికి రాలేదు. లెక్కలలో మిక్కిలి చుఱుకైనది. మా యింటికి వచ్చి పిల్లలతో గచ్చకాయలాడెడిది. విచారింపగా, ఇచ్చట పదుగురు చూతురని ఎల్ల దాటించి, ఆవలి రాష్ట్రములో చుట్టాల యూర పెండ్లి చేసిరని తెలిసెను. చట్టమిప్పుడు రెండు వైపులను ఒక్కటే, పదునెనిమిదేండ్లు నిండవలెను. అయినను, అడుగువాడు ఈవల, పిల్ల ఆవల. మావారు రెండుసార్లు పోయి పెద్దలతో మాటలాడిరి, అధికారులకు చెప్పిరి. పిల్ల బడికి తిరిగి రాలేదు. ఆ రాత్రి నాకు తాతమ్మ మాట జ్ఞప్తికి వచ్చినది: అది కల్యాణపురం తల్లీ.

మా పెద్దపిల్లకు తొమ్మిదేండ్లు. గుడివెనుక వీధిలో అంతయు విని, "తాతమ్మకు నా అంత ఉన్నప్పుడా?" అని యడిగినది. అవునంటిని. అది కొంతదూరము నడచి, "మరి బడి?" అనినది.

యానాము పరాసులను వదలించుకొన్న కథ చిన్నదైనను చక్కనిది. 1947లో ఇంగ్లీషువారు పోయినను ఇచ్చట మూడువన్నెల పరాసు జెండాయే యెగురుచుండెను. పురాధ్యక్షుడు మద్దింశెట్టి సత్యానందముగారును, దడాల రఫేల్ రమణయ్యగారును, మఱికొందఱును ఎల్ల కీవల భారతభూమిలో నిలిచి ప్రయత్నించిరి. దడాలవారు యానాములో బెస్తకుటుంబమున బుట్టి, పరాసుచదువు చదివి, పరాసు కొలువును విడిచి వచ్చినవారు. 1954 జూను 13వ తేదిని జనసమూహము ఎల్ల దాటి వచ్చి కార్యాలయమును పట్టుకొని, భారత పతాకము నెత్తిరి. పుదుచ్చేరి, కారైకాలులు ఆ యేటి నవంబరు 1వ తేదిని భారత ప్రభుత్వము చేతికి వచ్చినవి. యానాము వానికంటె నాలుగునెలలకు పైబడి ముందున్నది. 1956లో సంధి వ్రాసికొనిరి. 1962 ఆగష్టు 16వ తేదిని అది అమలై హక్కులు సంపూర్ణముగా సంక్రమించినవి.

అప్పుడు ప్రక్కనున్న తూర్పుగోదావరిలో కలియునని యెవరైనను తలంతురు. కలియలేదు. ప్రజల యిష్టము తెలియక మార్పు చేయగూడదని సంధిలో నుండెను. యానామువారు పుదుచ్చేరితోడనే యుండిరి. అది ఎనిమిదివందల కిలోమీటరులకు పైబడిన దూరము. సుమారు ముప్పది చదరపు కిలోమీటరుల నేల, 2011 జనాభా లెక్కలలో 55,626 మంది. పుదుచ్చేరి సభలో ఒక ప్రతినిధి. హైకోర్టు వ్యాజ్యమునకు మదరాసు పోవలెను. మా కాలనుండి ముల్లు తీయించుకొనుటకు కొండ యెక్కినట్లున్నదని నే ననగా, మేము బసచేసిన యింటి గృహిణి ఒప్పుకొనలేదు. "మాకు అలవాటేనండి. చిన్న ఊరు గదా, పెద్దవాళ్ళలో కలిస్తే మమ్మల్ని ఎవరు పలకరిస్తారు?" అనెను.

చిన్న యూరుండుటవలన ఆవలివారికిని పని కలదు. పూర్వము మంగళవారపు సంతకు పరాయిదేశపు సరకులకై చుట్టుపట్లవారు వచ్చి, దాచుకొని పోయెడివారట. 1995లో ఆంధ్రప్రదేశమున మద్యనిషేధము వచ్చినపుడు ఈ దారి మఱియొకరీతిని క్రిక్కిఱిసినది. ఇప్పుడును పన్ను తక్కువని సీసాలకై వచ్చువారిని మేము సాయంకాలము స్వయముగా చూచితిమి. ఏ కాలమునకు తగిన సరకు ఆ కాలమున దొరకుచున్నది.

ఆ గృహిణి మంచి యిల్లాలు. మాకు పులసచేపల కథలు చెప్పి, మేము తినమని యెఱిగి, గుత్తివంకాయ వండిపెట్టినది. వారి వసారా గోడమీద నా నడుము దాటి యొక మట్టిగీత యుండెను. సున్నము వేసినను తుడువక విడిచినారు. అడుగగా, 2022 జూలైలో వచ్చిన వరదగుర్తు అనినది. నాకు ఒడలు జలదరించినది. ఆ నెల 16వ తేదిని భద్రాచలమున గోదావరి 71.3 అడుగులకు వచ్చినది. 1986 ఆగష్టులో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంత నీరు మేమెఱుగము. మూడవ ప్రమాదసూచికయే 53 అడుగులు. మా అమ్మగారు వంటసామానులతో బడిలో తలదాచుకొన్నారు. అన్నగారి నారుమళ్ళు బురదక్రిందికి పోయినవి. మాకు నీరు తీయుచున్నదని మేము దీపము పెట్టుకొన్నవేళకే ఆ నీరు వీరి వసారాలో అడుగుపెట్టినది.

"అయితే మీరు పంపిన నీళ్ళేనా అవి!" అని యామె నవ్వి, నా చేయి పట్టుకొన్నది. "వదినా, పైన పెరిగిందని టీవీలో చెబుతారు కాని, ఎవరు నమ్ముతారు? మీవాళ్ళెవరన్నా ఒక్క మాట చెప్పుంటే బియ్యం బస్తా అయినా అటకెక్కించేదాన్ని" అనినది. నా ఫోను సంఖ్య ఒక కాలెండరుమీద వ్రాసికొని, దానిక్రింద "భద్రాచలం వదిన" అని వ్రాసినది.

మఱునాడు ఉదయమున ఎదుర్లంకకు పోవు బాలయోగి వారధిమీద నడచి గౌతమిని చూచితిమి. 2002లో ఆ వారధి రాకముందు పంటులమీద దాటెడివారు. నీరు అచ్చట ఎంత వెడల్పో, ఎంత నెమ్మదియో! మా యూర రాళ్ళను కొట్టుకొని పారునది యిదేనాయని పిల్లలు నమ్మలేదు. తాతమ్మకు చూపని సముద్రమును చూడవలెనని యుంటిని గాని, పడవవాడు గాలి బాగులేదనెను. తిరుగుబస్సు వేళ మించిపోవుచుండెను.

ఆ శ్రావణమాసములో ఒక రాత్రి భద్రాచలమున నీరు 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక యిచ్చిరని అన్నగారు ఫోనుచేసిరి. నేను వెంటనే యానామునకు చేసితిని. "ఎంతుంది వదినా?" అనినది. చెప్పితిని. "సరే, బస్తాలు పైన పెడతాను. మీరు పడుకోకండి, నలభై ఎనిమిదైతే మళ్ళీ చెయ్యండి" అనినది. తెల్లవాఱువఱకు మేమిద్దఱమును మేలుకొనియుంటిమి.